మంచు ఎరుగని నేలకు ముందుజాగ్రత్త

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను ముంచెత్తిన మంచు తుపాను చెప్పాపెట్టకుండా వచ్చింది కాదు. రోజుల ముందు నుంచే అమెరికా జాతీయ వాతావరణ సంస్థ హెచ్చరిస్తూ వచ్చింది. ఫిబ్రవరి 12న గవర్నర్ రాష్ట్రంలోని 254 కౌంటీలన్నిటికీ విపత్తు పరిస్థితి ప్రకటించారు. టీవీల్లో జాగ్రత్తలు చెప్పారు, జనం దుకాణాలకు వెళ్లి రొట్టె, పాలు, మంచినీళ్లు కొనుక్కున్నారు. అంతా తెలిసి కూడా 246 మంది చనిపోయారని రాష్ట్ర ఆరోగ్య శాఖ తర్వాత లెక్క తేల్చింది. వారిలో మూడింట రెండు వంతుల మందిని బలిగొన్నది చలే. ప్రపంచంలో అత్యధికంగా చమురు, గ్యాస్ తీసే ప్రాంతాల్లో ఒకటైన చోట, సొంత ఇంట్లో మంచం మీద, ఒళ్లు చల్లబడి ప్రాణం పోయినవాళ్లు ఉన్నారు. డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోల్లోనూ, హ్యూస్టన్, ఆస్టిన్ నగరాల చుట్టుపక్కలా మన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. పిల్లల దగ్గరికి వెళ్లి నెలల తరబడి ఉండే తల్లిదండ్రులూ అక్కడున్నారు. కాబట్టి ఇది ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి అనుకోవడానికి లేదు.

ఆ విపత్తుకు కారణం తెలియకపోవడం అయితే, తెలియజెప్పడంతో సమస్య తీరేది. అసలు లోపం వేరే చోట ఉంది. ఏం చేయాలో కాగితాల మీద ఎప్పటినుంచో రాసి ఉంది. చేసి తీరాలన్న నిర్బంధం మాత్రం ఎవరి మీదా లేదు. వెచ్చని ప్రాంతాలు అరుదైన చలికి సిద్ధపడటం గురించి మాట్లాడినప్పుడల్లా మన దృష్టి ఇంటి దగ్గరే ఆగిపోతుంది: కొళాయి సన్నగా వదలండి, దుప్పట్లు దగ్గర పెట్టుకోండి, బ్యాటరీలు కొనుక్కోండి. ఇవి మంచి మాటలే, వీటి గురించి తర్వాత మాట్లాడుకుందాం. కానీ కరెంటు, గ్యాస్, నీళ్లు ఇచ్చే వ్యవస్థలను చట్టం కట్టడి చేయని చోట ఏ గృహిణి ఎన్ని దుప్పట్లు కొన్నా మూడో రోజుకు ఆమె ఇల్లు వీధి అంత చల్లగా అయిపోతుంది. సలహా అనేది చలి గుర్తున్నంత కాలమే పనిచేస్తుంది. వెచ్చని ప్రాంతంలో చలి ఎవరికీ ఎక్కువ కాలం గుర్తుండదు.

ఆ ఫిబ్రవరిలో ఏం జరిగిందో కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే వాదన అంతా అందులోనే ఉంది. డాలస్‌లో ఉష్ణోగ్రత ఫిబ్రవరి 16 ఉదయానికి సున్నాకు దిగువన 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. 1949 తర్వాత అక్కడ అంత చలి లేదు. సముద్రానికి దగ్గరగా ఉండే హ్యూస్టన్‌లోనూ మైనస్ 10 దాటింది. టెక్సస్ ఇళ్లలో దాదాపు అరవై శాతం కరెంటుతోనే వెచ్చబడతాయి. కాబట్టి చలి ముదిరే కొద్దీ వాడకం పెరిగిపోయింది. రాష్ట్రంలో తొంభై శాతం విద్యుత్ భారాన్ని చూసే ఎర్కాట్ సంస్థ ఆ శీతాకాలానికి వేసుకున్న అతి గడ్డు అంచనా సుమారు 67 వేల మెగావాట్లు. కోతలు లేకపోతే ఆ వారం గిరాకీ 76 వేలు దాటేదని తర్వాత తేలింది. ఒక పక్క గిరాకీ అలా పైకి పోతుండగా మరో పక్క ప్లాంట్లు ఒక్కొక్కటీ పడిపోయాయి. 15వ తేదీ తెల్లవారుజామున రెండు గంటలు కావస్తుండగా గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్ నుంచి 59.3కు జారింది. 59.4 దిగువన తొమ్మిది నిమిషాలు ఉండిపోతే జనరేటర్లు తమను కాపాడుకోవడానికి వాటంతట అవే గ్రిడ్ నుంచి విడిపోతాయి. అప్పుడు రాష్ట్రం మొత్తం చీకటైపోయేది, మళ్లీ నిలబెట్టడానికి వారాలు పట్టేది. ఆ దిగువ మెట్టు మీద గ్రిడ్ నాలుగు నిమిషాలకు పైగా నిలిచింది. కంట్రోల్ రూములోని ఆపరేటర్లు వేల మెగావాట్ల భారాన్ని తెగ్గొట్టి దాన్ని బయటపడేశారు. వాళ్లు చేసింది సరైన పనే. కానీ ఆ తెగ్గొట్టిన భారం అంటే 45 లక్షల ఇళ్లు, దుకాణాలు.

ముందు అనుకున్న ప్రకారం కోతలు వంతులవారీగా, ఒక్కో ప్రాంతానికి కొద్దిసేపు ఉండాలి. అలా జరగలేదు. కోత 20 వేల మెగావాట్లకు చేరేసరికి ఆసుపత్రులు, నీటి కేంద్రాలు ఉన్న ఫీడర్లను (వాడలకు కరెంటు తీసుకెళ్లే లైన్లను) వదిలేస్తే తిప్పడానికి మిగిలిన ఫీడర్లు చాలా తక్కువ. దాంతో కరెంటు పోయిన వాడలకు రెండు మూడు రోజులపాటు రాలేదు, ఉన్న వాడలకు పోలేదు. నగరం నడిబొడ్డున మనుషులు లేని ఆఫీసు భవనాలు వెలుగుతుంటే పక్క పేటలో ముసలివాళ్లు చీకట్లో వణికారు. ఇది ఎవరో పక్షపాతంతో చేసింది కాకపోవచ్చు. ఏ ఫీడర్ మీద ఎవరున్నారో, దేన్ని ఎలా విడదీయాలో ప్రశాంతంగా ఉన్న రోజుల్లో కూర్చుని ఆలోచించకపోవడం వల్ల వచ్చిన ఫలితం అది.

ఇందులో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది గ్యాస్‌కూ కరెంటుకూ మధ్య పడిన ముడి. టెక్సస్ విద్యుత్తులో పెద్ద వాటా గ్యాస్ ప్లాంట్లది. ఆ ప్లాంట్లకు గ్యాస్ పంపే బావులు, కంప్రెసర్లు, శుద్ధి కేంద్రాలలో చాలా భాగం నడిచేది కరెంటుతో. వాటిని అత్యవసర జాబితాలో చేర్చమని చాలా గ్యాస్ కంపెనీలు దరఖాస్తే పెట్టుకోలేదు. గ్రిడ్‌ను కాపాడటానికి తెగ్గొట్టిన ఫీడర్లలో గ్యాస్ కేంద్రాలవీ ఉన్నాయి. గ్యాస్ తగ్గింది, ప్లాంట్లు పడ్డాయి, మరిన్ని ఫీడర్లు తెగ్గొట్టారు, గ్యాస్ ఇంకా తగ్గింది. అప్పటికే బావుల నోళ్ల దగ్గర గ్యాస్‌తోపాటు వచ్చే నీరు గడ్డకట్టి ప్రవాహం ఆగుతోంది. రాష్ట్రంలో గ్యాస్ ఉత్పత్తి వారం రోజుల్లో దాదాపు సగానికి పడిపోయింది. ఒక దరఖాస్తు కాగితం నింపించే బాధ్యత ఎవరికీ లేకపోవడం ఇంత పని చేసింది. అణు విద్యుత్తు కూడా మినహాయింపు కాలేదు. సౌత్ టెక్సస్ ప్రాజెక్టులో ఒక రియాక్టర్ ఆగిపోవడానికి కారణం రియాక్టర్‌లో లోపం కాదు, నీటి పంపుల ఒత్తిడిని కొలిచే ఒక సన్నని గొట్టం గడ్డకట్టడం. వెయ్యి మెగావాట్లకు పైగా ఉత్పత్తి ఆ గొట్టం దగ్గర ఆగింది.

తుపాను ఇంకా తగ్గకముందే గాలిమరల వల్లే ఇదంతా జరిగిందని కొందరు నాయకులు ప్రచారం మొదలుపెట్టారు. గాలిమరలూ గడ్డకట్టాయి, నిజమే. కానీ ఫెడరల్ ఇంధన నియంత్రణ సంఘం, ఉత్తర అమెరికా విద్యుత్ విశ్వసనీయత సంస్థ కలిసి ఆ ఏడాది నవంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం, టెక్సస్‌తో పాటు పొరుగు రాష్ట్రాల్లోనూ దెబ్బతిన్న 1,045 విద్యుత్ యూనిట్లలో 58 శాతం గ్యాస్‌వే. వైఫల్యాల్లో 44 శాతం గడ్డకట్టడం వల్ల, 31 శాతం ఇంధనం అందకపోవడం వల్ల జరిగాయి. అదే నివేదికలో ఉన్న ఇంకో అంకె వీటన్నిటికంటే ముఖ్యం. గడ్డకట్టి ఆగిన వాటిలో 81 శాతం, ఏ ఉష్ణోగ్రత వరకు తట్టుకోగలమని తమ కాగితాల్లో రాసుకున్నాయో అంతకంటే ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గరే ఆగిపోయాయి. చలి వాటి హద్దు దాటలేదు. హద్దు కాగితం మీదే ఉంది, దాన్ని తనిఖీ చేసినవారు లేరు.

ఇక ఇది ఊహకందని విపత్తు అనే వాదన. 1983 డిసెంబరులో టెక్సస్ గడ్డకట్టింది. 1989 డిసెంబరులో మళ్లీ గడ్డకట్టింది, కోతలు పెట్టారు, ప్లాంట్లకు చలి రక్షణ కల్పించాలని రాష్ట్ర విద్యుత్ కమిషన్ సిఫార్సు చేసింది. 2011 ఫిబ్రవరిలో మూడోసారి గడ్డకట్టింది. అప్పుడు 4 వేల మెగావాట్ల కోత పడింది, 32 లక్షల వినియోగదారులకు కరెంటు పోయింది. ఆ ఆగస్టులో ఫెడరల్ సంస్థలు ఇచ్చిన నివేదిక 1989 నాటి సిఫార్సులను గుర్తుచేసింది, చాలామంది వాటిని పాటించలేదని చెప్పింది, పైపులకు ఇన్సులేషన్, హీటింగ్ కేబుళ్లు, గాలిని అడ్డుకునే తెరలు ఎలా పెట్టాలో పేజీలకు పేజీలు రాసింది. అవి కూడా సిఫార్సులే. పాటించినవాడు పాటించాడు, పాటించనివాడికి ఏమీ కాలేదు. పదేళ్లకు 2021 వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లలో నాలుగుసార్లు వచ్చినదాన్ని శతాబ్దానికోసారి వచ్చేదిగా చెప్పడం మరపును సమర్థించుకోవడమే.

సిఫార్సును నిజంగా పట్టించుకుంటే ఏమవుతుందో చూడటానికి పరాయి రాష్ట్రానికి వెళ్లక్కర్లేదు. టెక్సస్ పడమటి కొసన ఎల్ పాసో ఉంది. 2011లో ఆ ఊరూ తీవ్రంగా దెబ్బతింది. ఆ తర్వాత అక్కడి విద్యుత్ కంపెనీ సుమారు 45 లక్షల డాలర్లు పెట్టి తన ప్లాంట్లకు చలి రక్షణ చేయించుకుంది, చలిని తట్టుకునేలా కొత్త యూనిట్లు కట్టుకుంది. 2021లో అక్కడ కరెంటు పోయినవాళ్లు సుమారు మూడు వేల మంది, వారిలో కొందరికి ఐదు నిమిషాల లోపే తిరిగి వచ్చింది. ఎల్ పాసో ఎర్కాట్ గ్రిడ్‌లో లేదు, పశ్చిమ అమెరికా గ్రిడ్‌కు ముడిపడి ఉంది, కాబట్టి ఫెడరల్ నియంత్రణ పరిధిలోనూ ఉంది. పొరుగు రాష్ట్రాల నుంచి కరెంటు తెచ్చుకునే వీలుండటం కూడా మేలు చేసింది. తుపాను తీవ్రత అన్నిచోట్లా ఒకటే కాదనే మాటా నిజం. వీటన్నిటికీ తగ్గింపు వేసుకున్నా సరే, ఒకే రాష్ట్రంలో ఒక ఊళ్లో మూడు వేల మందికే కోత, మిగతా చోట్ల లక్షల ఇళ్లకు రోజుల తరబడి చీకటి అన్న తేడాను వాతావరణం ఒక్కదాని ఖాతాలో వేయలేం.

చట్టం ఎందుకు, ధరే ఆ పని చేస్తుంది కదా అని అడిగేవాళ్లున్నారు. టెక్సస్ విద్యుత్ మార్కెట్ కట్టిందే ఆ నమ్మకం మీద. కరెంటు కొరత వచ్చినప్పుడు టోకు ధర యూనిట్‌కు 9 డాలర్ల దాకా పోనిస్తే, ఆ ఆశతో ప్రతి ఉత్పత్తిదారూ తన ప్లాంటును సిద్ధంగా ఉంచుకుంటాడని అప్పటి లెక్క. ఆ వారం ధర 9 డాలర్ల దగ్గర రోజుల తరబడి నిలిచింది. ప్లాంట్లు మాత్రం తిరగలేదు. అందులో వింతేమీ లేదు. పదేళ్లకోసారి వచ్చే నాలుగు రోజుల లాభం కోసం ఈ ఏడాది ఖర్చు పెట్టమని ఏ మేనేజరూ తన యాజమాన్యాన్ని ఒప్పించలేడు. పైగా ప్లాంటు ఆగిపోతే యజమానికి పోయేది ఆ నాలుగు రోజుల అమ్మకం. చలికి చనిపోయినవాడి ప్రాణం, పగిలిన పైపుల నష్టం, మూతపడిన ఆసుపత్రి విభాగం అతని ఖాతాలో ఎక్కడా కనిపించవు. నష్టం ఒకరిదీ నిర్ణయం మరొకరిదీ అయినప్పుడు ధర ఎంత పెంచినా ఆ రెండూ కలవవు. ఆ ధర చివరికి తాకింది ఎవరిని? టోకు ధరకు ముడిపెట్టిన పథకాల్లో చేరిన కుటుంబాలకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. గ్యాస్ పంపిణీ సంస్థలు ఆ వారం పెట్టిన అదనపు ఖర్చు కోసం 2023లో సుమారు 350 కోట్ల డాలర్ల బాండ్లు జారీ చేశారు. వాటిని టెక్సస్ గృహస్థులు ఏళ్ల తరబడి తమ గ్యాస్ బిల్లులో తీరుస్తారు.

ఖర్చు ఎక్కువ కాదా అన్న ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. 2021 తుపాను నష్టం 8 వేల కోట్ల డాలర్ల నుంచి 13 వేల కోట్ల డాలర్ల మధ్య ఉండొచ్చని డాలస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు అంచనా వేశారు. అంత నష్టంతో పోల్చితే ప్లాంట్లకూ గ్యాస్ బావులకూ చలి రక్షణ కల్పించడం గిట్టుబాటేనని వాళ్లే తేల్చారు. ఆ లెక్కలో పెద్దపెద్ద తప్పులున్నాయనుకుని సగానికి సగం కొట్టేసినా ఫలితం మారదు. అయితే ఈ ఆక్షేపణలో ఒక భాగాన్ని గౌరవించాలి. వెచ్చని ప్రాంతం ఉత్తరాది రాష్ట్రాలను మక్కికి మక్కి అనుకరించకూడదు. మిన్నెసోటాలో విద్యుత్ ప్లాంట్లను భవనాల్లో మూసి కడతారు. టెక్సస్‌లో ఆరుబయట కడతారు, ఎందుకంటే ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడ సమస్య వేడిని బయటికి పంపడమే. గోడలు కట్టేస్తే ఆగస్టులో యంత్రాలు కాగిపోతాయి. కాబట్టి అక్కడికి తగినవి వేరు: నవంబరులో బిగించి మార్చిలో విప్పేసే గాలి తెరలు, సన్నని గొట్టాల చుట్టూ హీటింగ్ కేబుళ్లు, ఇన్సులేషన్ తడవకుండా చిరగకుండా ఏటా తనిఖీ, కవాటాల దగ్గర తాత్కాలిక హీటర్లు, చలి రాత్రి వాటి దగ్గర తిరిగే సిబ్బంది. చాలా వరకు ఇవి కోట్లు ఖర్చయ్యే కట్టడాలు కావు, క్రమం తప్పకుండా చేయాల్సిన పనులు. క్రమం తప్పకుండా చేయాల్సిన పనిని ఇష్టానికి వదిలేస్తే బడ్జెట్ బిగుసుకున్న మొదటి ఏడాదే అది ఆగిపోతుంది.

భూమి వేడెక్కుతుంటే చలి కోసం డబ్బు పోయడం దేనికి అనే వాదనకు కొంత బలం ఉంది. సగటున శీతాకాలాలు వెచ్చబడుతున్నాయి. కానీ మనుషులను చంపేది సగటు కాదు, ఆ నాలుగు రోజులు. ఆర్కిటిక్ వేడెక్కడం వల్ల ధ్రువాల చల్లగాలి దక్షిణానికి జారడం పెరుగుతోందా లేదా అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా చర్చ నడుస్తోంది. ఆ చర్చ ఎలా తేలినా అలాంటి గాలులు ఆగిపోయాయని మాత్రం ఎవరూ చెప్పడం లేదు. 2022 డిసెంబరు చలిలో టెనెసీ వ్యాలీ అథారిటీ తొంభై ఏళ్ల చరిత్రలో మొదటిసారి వంతులవారీ కోతలు పెట్టింది. 2025 జనవరి 21న న్యూ ఆర్లియన్స్‌లో ఎనిమిది అంగుళాల మంచు పడింది. మెక్సికో సింధుశాఖ తీరంలోనే ఉన్న లేక్ చార్ల్స్ వాతావరణ కార్యాలయం తన చరిత్రలో మొదటిసారి బ్లిజార్డ్ (తీవ్ర మంచు తుపాను) హెచ్చరిక జారీ చేసింది. పైగా వెచ్చని శీతాకాలాలు పెరిగేకొద్దీ జనం, యంత్రాలు, అధికారులు చలికి అలవాటు తప్పుతారు. అప్పుడు వచ్చిన ఒక్క చలి ఇంకా ఎక్కువ దెబ్బ తీస్తుంది.

డబ్బుతో పనిలేని సిద్ధపాటు కూడా ఉంది, దాన్నీ చెప్పుకోవాలి. 2014 జనవరి 28న అట్లాంటాలో పడింది మూడంగుళాలకు లోపు మంచే. కానీ బడులు, ఆఫీసులు, ప్రభుత్వ కార్యాలయాలు దాదాపు ఒకే సమయంలో అందరినీ ఇంటికి పంపేశాయి. రోడ్లు నిండిపోయాయి, చక్రాల కింద నలిగిన మంచు గాజులా మారింది, ఉప్పు చల్లాల్సిన లారీలు ఆ ట్రాఫిక్‌లోనే ఇరుక్కున్నాయి. వేలమంది కార్లలో రాత్రి గడిపారు, పిల్లలు బడుల్లోనే పడుకున్నారు. రెండు వారాలకు మళ్లీ తుపాను వస్తే ముందు రోజే అంతా మూసేశారు. రోడ్లు ఖాళీగా ఉన్నాయి, లారీలు తమ పని చేసుకున్నాయి. న్యూ ఆర్లియన్స్ కూడా 2025లో అలాగే ముందుగా మూసేసింది. మంచు ఊడ్చే యంత్రాలు వందల కొద్దీ కొనలేని ఊరికి ఇదే సరైన దారి: ఎవరు, ఏ హెచ్చరిక స్థాయి దగ్గర, ఎన్ని గంటల ముందు మూసివేత ప్రకటించాలో ముందే రాసి పెట్టుకోవడం. తర్వాత మంచు పడకపోతే ఆ అధికారిని ఎగతాళి చేయకుండా ఉండటం పౌరుల వంతు.

ఎవరి ఇల్లు వాళ్లే చూసుకోవాలి, ప్రభుత్వం ఎవరికీ రుణపడి లేదు అనే వాదన 2021లో బాహాటంగానే వినబడింది. పశ్చిమ టెక్సస్‌లోని ఒక చిన్న ఊరి మేయర్ ఆ ధోరణిలోనే సోషల్ మీడియాలో రాసి, విమర్శలు వచ్చాక పదవి నుంచి తప్పుకున్నారు. ఆ మాటలో కరకుదనాన్ని పక్కనపెట్టి చూసినా అది నిలవదు. పైపులో నీళ్లు రావాలంటే నీటి కేంద్రానికి కరెంటు కావాలి. ఆ వారం దాదాపు కోటిన్నర మందికి నీళ్లు మరిగించుకుని తాగమని నోటీసులు వెళ్లాయి, మరిగించడానికి చాలామంది ఇళ్లలో పొయ్యి వెలిగే దారి లేదు. మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ నగరంలో చాలామందికి వారాల తరబడి నీళ్లు రాలేదు. అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండే మనిషి జనరేటర్ ఎక్కడ పెట్టుకుంటాడు? ఆక్సిజన్ యంత్రం మీద బతికే ముసలాయన ఎన్ని బ్యాటరీలు కొనుక్కుంటాడు? కుటుంబం చేయగలిగింది కొంత ఉంది. ఆ కొంతకు మించి అడగడం అన్యాయం.

ఆ కొంత మాత్రం ప్రాణాలు నిలిపే విషయమే కాబట్టి సూటిగా చెబుతాను. ఇంటికి వచ్చే నీటిని ఆపే ప్రధాన వాల్వు ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలియాలి. టెక్సస్ ఇళ్లలో పైపులు తరచు అటక మీదుగా, బయటి గోడల వెంట పోతాయి. వాటికి తొడుగులు వేయాలి, గడ్డకట్టే రాత్రి కొళాయిలు సన్నగా వదలాలి, సింకు కింది అరల తలుపులు తెరిచి ఉంచాలి. మూడు రోజులకు సరిపడా తాగునీరు, పొయ్యి అవసరం లేని ఆహారం, మందులు దగ్గర ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం కార్బన్ మోనాక్సైడ్. ఆ తుపానులో ఈ విషవాయువుకు 19 మంది బలయ్యారు. గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి వెచ్చబడినవాళ్లు, బొగ్గుల గ్రిల్లు ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్లు, జనరేటర్‌ను కిటికీ పక్కన పెట్టుకున్నవాళ్లు ఆసుపత్రుల పాలయ్యారు. ఇది మన కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పాలి. మన పాత ఇళ్లలో శీతాకాలం బొగ్గుల కుంపటి లోపల పెట్టుకోవడం కొత్తేమీ కాదు. పెంకుల సందుల్లోంచి, మూయని తలుపుల్లోంచి గాలి ఆడే ఇంట్లో అది చాలాసార్లు ప్రాణం తీయకుండా వదిలేసింది. ఏసీ వృథా కాకుండా గాలి చొరకుండా బిగించి కట్టిన అమెరికా ఇంట్లో అదే కుంపటి నిద్రలోనే అందరినీ చంపుతుంది. ఆ వాయువుకు వాసన లేదు, రంగు లేదు. హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో వచ్చి ఉన్న అమ్మానాన్నలకు ఈ ఒక్క సంగతి వాళ్ల భాషలో, విమానం దిగిన వారంలోనే చెప్పాలి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో, మోగుతోందో లేదో చూడాలి.

సిద్ధపాటు ఫలితం ఇస్తుందా అని సందేహించేవాళ్లకు మన తీరం చెప్పే సాక్ష్యం ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపానులో దాదాపు పది వేల మంది చనిపోయారు. 1990 మేలో అంతే భీకరమైన తుపాను ఆంధ్ర తీరాన్ని తాకినప్పుడు మృతులు వెయ్యి లోపే. ఆ పదమూడేళ్లలో సముద్రం మెత్తబడలేదు. హెచ్చరిక వ్యవస్థ మెరుగైంది, తుపాను ఆశ్రయ భవనాలు వచ్చాయి, అధికారులు లక్షల మందిని ముందుగా తరలించారు. ప్రజలను ఖాళీ చేయించడం కలెక్టర్ ఇష్టం మీద ఆధారపడిన మంచిపనిగా కాక, అతని విధిగా మారింది. తుపాన్లు మనకు తరచూ వస్తాయి, టెక్సస్‌కు మంచు అరుదు, కాబట్టి పోలిక పూర్తిగా అతకదని ఒప్పుకుంటాను. అయితే అరుదుగా వచ్చేదానికే రాతపూర్వకమైన విధి ఎక్కువ అవసరం. తరచూ వచ్చేదాన్ని అనుభవమే గుర్తుచేస్తుంది.

2021 మే నెలాఖరులో టెక్సస్ శాసనసభ చివరికి ఆ పని చేసింది. విద్యుత్ ప్లాంట్లు చలి రక్షణ కల్పించుకోవడం తప్పనిసరి చేసింది, ఉల్లంఘిస్తే రోజుకు పది లక్షల డాలర్ల దాకా జరిమానా పెట్టింది, ఏ గ్యాస్ కేంద్రం ఏ విద్యుత్ ప్లాంటుకు ప్రాణాధారమో పటం గీయమంది. ఎర్కాట్ తనిఖీ బృందాలు ప్లాంట్లకు వెళ్లడం మొదలైంది. 2022 డిసెంబరులోనూ 2024 జనవరిలోనూ తీవ్రమైన చలి వచ్చింది. 2024లో శీతాకాల గిరాకీ 78 వేల మెగావాట్లు దాటింది, అంటే 2021లో అందుకోలేకపోయిన అంకె కంటే ఎక్కువ, అయినా గ్రిడ్ స్థాయిలో కోత పెట్టాల్సి రాలేదు. ఈ మధ్యలో సోలార్, బ్యాటరీ నిల్వలు బాగా పెరగడమూ సాయపడింది. ఆ చలిగాలులు 2021 అంత తీవ్రమైనవీ, అంతసేపు నిలిచినవీ కావు కాబట్టి పరీక్ష పూర్తిగా నెగ్గినట్టు కాదు. కానీ మూడు దశాబ్దాల సిఫార్సులు సాధించలేనిది ఒక చట్టం మూడు శీతాకాలాల్లో సాధించడం మొదలుపెట్టింది.

చట్టం చూడని చోట్లు ఇంకా ఉన్నాయి. గ్యాస్ పరిశ్రమను చూసే రైల్‌రోడ్ కమిషన్ తొలి ముసాయిదాలో 150 డాలర్ల ఫీజు కట్టి అత్యవసర జాబితా నుంచి తప్పుకునే వెసులుబాటు పెట్టింది. విమర్శలు వచ్చాక దాన్ని బిగించారు గానీ, మొదట అలా రాయాలన్న ఆలోచన రావడమే ఆ రంగం మీద కన్నేసి ఉంచాలని చెబుతోంది. అంతకంటే పెద్ద ఖాళీ ఇళ్ల వైపు ఉంది. శాసనసభ సరఫరా గురించే ఎక్కువగా ఆలోచించింది, గిరాకీ గురించి కాదు. పలచని గోడలు, వేడి నిలవని అటకలు, పాత విద్యుత్ హీటర్లు ఉన్న లక్షల ఇళ్లు ప్రతి చలి రాత్రీ గ్రిడ్ మీద పడతాయి. ఇన్సులేషన్ వేస్తే ఆగస్టులో ఏసీ బిల్లూ తగ్గుతుంది, కాబట్టి చలి కోసం పెట్టిన ప్రతి డాలరూ వేసవిలోనూ పనిచేస్తుంది. కానీ అద్దె ఇంటి యజమాని ఆ ఖర్చు పెట్టడు, ఎందుకంటే బిల్లు కట్టేది అద్దెదారు. ఇక్కడ కూడా నిర్ణయం ఒకరిది, నష్టం మరొకరిది. కాబట్టి పరిష్కారమూ అదే: అద్దెకిచ్చే ఇళ్లకు కనీస ఇన్సులేషన్ ప్రమాణం, పైపుల రక్షణ, కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి చేసే నిబంధన, పేద ఇళ్లకు ఆ ఖర్చులో సాయం, వృద్ధులుండే పెద్ద భవనాలకు సొంత బ్యాకప్ విద్యుత్తు. టెక్సస్ శాసనసభ బేసి సంవత్సరాల్లో జనవరిలో సమావేశమవుతుంది. అక్కడ ఓటున్న తెలుగువాళ్లు, నగర కౌన్సిళ్లకు, బడి బోర్డులకు పోటీ చేస్తున్న తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువేమీ లేరు. దుప్పట్లు, నీళ్ల సీసాలు పంచే సేవతో పాటు, తమ ప్రతినిధిని కలిసి ఇళ్ల ప్రమాణాల బిల్లు ఎక్కడిదాకా వచ్చిందని అడగడం కూడా మన సంఘాల పని జాబితాలో చేరాలి. అది కూడా వేసవిలోనే, చలి ఎవరికీ గుర్తులేని రోజుల్లోనే మొదలవ్వాలి.